విలువలు ఎక్కడి నుంచి వస్తాయి, పిల్లలకు ఎలా అబ్బుతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో తల్లిదండ్రుల సమావేశాల్లోనూ టీచర్ల శిక్షణ తరగతుల్లోనూ పదే పదే వినిపించే ప్రశ్నలివి. ఎక్కువమంది తడబడే చోట జవాబు పొడుగ్గా ఉంటుంది. మిగతా చోట్ల రెండు మూడు వాక్యాలతో సరిపెట్టాం.

మంచీ చెడూ అనే తెలివిడి పుట్టుకతో వస్తుందా, నేర్పితే వస్తుందా?

కొంత సరంజామా పుట్టుకతోనే వస్తుంది. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2006లో ఏడాదిన్నర పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బట్టలు ఆరేస్తున్న పెద్దమనిషి చేతిలోంచి క్లిప్పు జారిపడింది. ఆయన అందుకోలేక చేయి చాస్తుంటే, ఎవరూ అడక్కుండానే చాలామంది పిల్లలు దాన్ని తీసి ఇచ్చారు. అదే క్లిప్పును ఆయన కావాలని కింద పడేస్తే మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అవతలి మనిషికి ఏం కావాలో గ్రహించడం, చేతనైన సాయం చేయడం అంత చిన్న వయసులోనే ఉన్నాయన్నమాట.

అలాగని పసికందులు న్యాయమూర్తులేమీ కారు. ఆరు నెలల, పది నెలల పిల్లలు సాయం చేసే బొమ్మనే ఎంచుకుంటారని 2007లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఒక ఫలితం వచ్చింది, బాగా పేరుపొందింది. తర్వాత అనేక ప్రయోగశాలలు కలిసి వెయ్యిమందికి పైగా పసిపిల్లలతో అదే పరీక్ష చేస్తే ఆ మొగ్గు కనిపించలేదు. పేరెంటింగ్ ఉపన్యాసాల్లో ఇప్పటికీ పాత ఫలితమే చెబుతున్నారు, విన్నప్పుడు కొంచెం ఆగి ఆలోచించండి.

సాయం చేసే చొరవ పిల్లలతోనే పుడుతుంది. ఎవరికి చేయాలి, ఎవరిని మనవాళ్లుగా లెక్కపెట్టాలి, మాట ఇస్తే ఎంతవరకు నిలబడాలి అన్నవి మాత్రం ఇల్లూ వీధీ బడీ నేర్పుతాయి. గొడవంతా ఇక్కడే.

మతం లేకపోతే నీతి ఉంటుందా?

ఉంటుంది. మతగ్రంథాలు కూడా దానికి అడ్డు చెప్పవు. మనుస్మృతి రెండో అధ్యాయం ధర్మానికి మూలాలు నాలుగని చెబుతుంది: వేదం, స్మృతి, సజ్జనుల నడవడి, తన మనసుకు తృప్తి. శాస్త్రాన్ని నెత్తిన పెట్టుకున్న గ్రంథమే శాస్త్రం పక్కన మనిషి నడవడికీ మనసుకూ చోటిచ్చింది. తిక్కన భారతంలోని 'ఒరులేయవి యొనరించిన' పద్యం బడిలో చాలామంది చదివే ఉంటారు. ఇతరులు ఏం చేస్తే మన మనసుకు కష్టంగా ఉంటుందో అది మనం వాళ్లకు చేయకపోవడమే ధర్మాలన్నిటికీ ఆధారమని ఆ పద్యం చెబుతుంది. తన కోసం కోరుకునేదే తన సోదరుడి కోసం కోరుకోనివాడి విశ్వాసం పూర్తి కాదని హదీసు (ముహమ్మద్ ప్రవక్త మాటలు) అంటుంది. క్రీస్తు బోధలో, కన్ఫ్యూషియస్ మాటల్లో కూడా ఇదే సూత్రం ఉంది. వేరువేరు కాలాల్లో, వేరువేరు దేశాల్లో ఇంతమంది ఒకే చోటికి వచ్చారంటే, ఆ సూత్రం మనుషులు కలిసి బతకడంలోంచే పుట్టి ఉండాలని మా అభిప్రాయం.

దేవుడు చెప్పాడు కాబట్టి మంచిదా, మంచిది కాబట్టి దేవుడు చెప్పాడా అని ప్లేటో సంభాషణల్లో సోక్రటీస్ అడుగుతాడు. పిల్లలు దీన్ని మనకంటే తేలిగ్గా తేల్చేస్తారు. లారీ నూచీ అనే పరిశోధకుడు అమెరికాలో మతనిష్ఠ గల కుటుంబాల పిల్లలను ఇలా అడిగాడు: 'ఫలానా పని చేయొద్దని దేవుడి నియమం లేకపోతే అప్పుడు చేయొచ్చా?' సెలవు పాటించాల్సిన దినాన పని చేయడం లాంటివాటికి చాలామంది 'నియమం లేకపోతే చేయొచ్చు' అన్నారు. ఎదుటివాణ్ని కొట్టడం, దొంగతనం గురించి అడిగితే 'అయినా తప్పే, వాళ్లకు నొప్పి కదా' అన్నారు.

మన దగ్గర ఇందుకు ఉదాహరణ కావాలంటే గోరా గారున్నారు. దేవుడు లేడని బాహాటంగా చెప్పి, 1940లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, అంటరానితనానికి వ్యతిరేకంగా జీవితమంతా పనిచేశారు. అదే పని భక్తితో చేసినవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లో దేవుడి గది ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి, లేకపోతే కంగారు పడొద్దు.

ఆచారాలు, నీతి ఒకటేనా? పిల్లలకు రెండూ ఒకేలా చెప్పొచ్చా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

గడప మీద కూర్చోకూడదు. శనివారం గోళ్లు తీయకూడదు. ఎడమ చేత్తో డబ్బివ్వకూడదు. యూనిఫాం టై వదులుగా ఉండకూడదు. పక్కవాడి పెన్సిల్ తీసుకోకూడదు. కొత్తగా చేరిన అమ్మాయి యాసను వెక్కిరించకూడదు. ఈ ఆరూ చాలా ఇళ్లలో ఒకే గొంతుతో, ఒకే కోపంతో వినిపిస్తాయి. పిల్లలు మాత్రం వీటిని విడదీయగలరు. ఎలియట్ ట్యూరియెల్, ఆయన తర్వాతివాళ్లు చేసిన పరిశోధనల్లో మూడు నాలుగేళ్ల పిల్లలే 'టీచర్ ఒప్పుకుంటే చెప్పులేసుకుని క్లాసులోకి రావచ్చు' తరహా నియమాలకూ, 'టీచర్ ఒప్పుకున్నా కొట్టకూడదు' తరహా నియమాలకూ తేడా చెప్పగలిగారు.

పిల్లలు విడదీసినదాన్ని మనం మళ్లీ కలిపేస్తే రెండు రకాల నష్టం. ఒక బిడ్డకు అన్నీ సమానమైన నేరాలై, దేనికైనా భయపడడం అలవాటవుతుంది. ఇంకో బిడ్డ పద్నాలుగేళ్లకు గడప మాట ఉత్తదేనని కనిపెట్టి, దాంతోపాటు పెన్సిల్ మాటనూ అదే గంపలో పారేస్తాడు. రెండోది ఎక్కువగా జరుగుతుంది. 'మావాడు ఇంటర్‌లో చేరాక మాట వినడం లేదు' అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

విడదీయడానికి ఒక ప్రశ్న చాలు: 'ఇది చేస్తే ఎవరికి ఏం నష్టం?' జవాబు దొరికితే అది నీతి, నష్టపోయేదెవరో చెప్పి కారణం వివరించండి. దొరక్కపోతే అది ఆచారమో, ఇంటి పద్ధతో, బడి నియమమో. దాన్ని అలాగే చెప్పండి: 'ఇది మన ఇంటి పద్ధతి, నాయనమ్మకు ఇష్టం, ఆమె కోసం పాటిద్దాం.' ఆచారాన్ని తక్కువ చేయక్కర్లేదు, నేరంగా చూపించకపోతే చాలు. బడిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే యాజమాన్యాలకూ ఇదే ప్రశ్న వేయాలి. ఎవరికి నష్టమో వాళ్లు చెప్పగలిగితే విందాం.

ఈ గీత అన్ని చోట్లా ఇంత స్పష్టంగా ఉండదన్నది నిజం. రిచర్డ్ ష్వీడర్ బృందం 1987లో భువనేశ్వర్ బ్రాహ్మణ కుటుంబాలనూ షికాగో కుటుంబాలనూ పోల్చింది. తండ్రి చనిపోయిన మర్నాడు పెద్ద కొడుకు క్షౌరం చేయించుకుని కోడిమాంసం తినడాన్ని భువనేశ్వర్ పిల్లలు చాలా ఘోరమైన తప్పుగా లెక్కపెట్టారు, షికాగో పిల్లలకు అందులో తప్పే కనిపించలేదు. పవిత్రత, పెద్దల పట్ల బాధ్యత కూడా కొన్ని సమాజాల్లో నీతిలో భాగమేనని ష్వీడర్ వాదన. 'తండ్రి ఆత్మ క్షోభిస్తుంది' అని నమ్మేవాళ్లకు అక్కడ నష్టపోయేవాడు నిజంగానే ఉన్నాడు మరి. అందుకే పక్కింటి కుటుంబం దేనిని పెద్ద తప్పనుకుంటుందో తెలియనప్పుడు, మన పిల్లల ముందు వాళ్లను తీసిపారేసి మాట్లాడకూడదు. మసీదు, గుడి, చర్చి ఒకే సందులో ఉండే ఈ ఊళ్లో ఆ అవసరం రోజూ పడుతుంది.

శ్రీరంగ నీతులు చెబితే పిల్లలు వింటారా?

వింటారు, చెప్పింది చేయరు. అమెరికాలో హార్ట్‌షార్న్, మే 1920లలో దాదాపు 11 వేలమంది పిల్లలను రకరకాల పరీక్షలకు పెట్టారు: పేపరు తామే దిద్దుకోవడం, డబ్బుతో ఆడే ఆటలు, ఇంటి దగ్గర చేసుకురావాల్సిన పనులు. నీతిపాఠాల తరగతులకు వెళ్లిన పిల్లలు వెళ్లనివాళ్లకంటే నిజాయితీగా ఏమీ లేరు. పేపరులో కాపీ కొట్టిన పిల్లవాడు డబ్బు ముట్టుకోలేదు, డబ్బు తీసినవాడు పేపరులో నిజాయితీగా ఉన్నాడు. నిజాయితీ మనిషికి పుట్టుమచ్చలా ఒకసారి వచ్చి ఉండిపోయేది కాదు. ఏ సందర్భంలో సాధన చేస్తే ఆ సందర్భంలో గట్టిపడుతుంది.

మరి ఇంట్లో సాధన ఎక్కడ జరుగుతోంది? ఆర్టీసీ బస్సులో అయిదేళ్లు దాటిన మగబిడ్డకు అర టికెట్ తీసుకోవాలి. కండక్టర్ దగ్గరికి రాగానే అమ్మ బిడ్డ చెవిలో 'అయిదు నిండలేదని చెప్పు' అంటుంది. మిగిలింది కొద్ది రూపాయలు. బిడ్డ నేర్చుకున్నది రెండు సంగతులు: బయటివాళ్లతో అబద్ధం ఆడొచ్చు, దానికి అమ్మ మెచ్చుకుంటుంది. రాత్రి అదే బిడ్డ హోంవర్క్ అయిపోయిందని అమ్మతో అంటే మాత్రం వీపు చిట్లుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఇంకొకటి చూడండి. పనిచేసే ఆమెకు చాయ్ వేరే గ్లాసులో ఇస్తారు, ఆ గ్లాసు కిటికీ దగ్గరో బాల్కనీలోనో విడిగా ఉంటుంది. తాతయ్య వయసున్న వాచ్‌మన్‌ను ఆరేళ్ల పిల్లవాడు 'ఏయ్, గేటు తియ్' అంటాడు, ఎవరూ సరిదిద్దరు. డెలివరీ బాయ్ లిఫ్ట్ ఎక్కితే సెక్యూరిటీకి ఫోన్ చేస్తారు. మనుషులంతా సమానమని సాంఘికశాస్త్రం పుస్తకంలో ఎన్ని పేజీలు చదివినా ఆ గ్లాసు చెప్పే పాఠమే గెలుస్తుంది. దీన్ని మార్చడానికి ఉపన్యాసం అక్కర్లేదు. ఈ రోజే ఆ గ్లాసును మిగతా గ్లాసుల వరసలో పెట్టండి. వాచ్‌మన్ పేరు తెలుసుకుని 'అంకుల్' అనో 'తాతా' అనో పిలవమనండి. ముందు మీరు మొదలుపెట్టండి.

బండి సంగతి కూడా చెప్పాలి. పదిహేనేళ్ల పిల్లవాడికి ట్యూషన్‌కని స్కూటీ తాళం ఇచ్చే ఇళ్లు కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉన్నాయి. గేర్లున్న బండి సంగతి అటుంచి మామూలు స్కూటర్ నడపాలన్నా 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ లోపు గేర్లు లేనిదైతేనే 16కు లైసెన్స్. 2019 సవరణ తర్వాత మైనర్ నడుపుతూ నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడొచ్చు. 'పోలీసులుండే సిగ్నల్ దగ్గర దిగి నడిపించుకుపో' అనే సలహా కూడా తండ్రే ఇస్తాడు. పట్టుబడకపోతే తప్పు కాదన్న పాఠం ఇంతకంటే బాగా ఎవరూ నేర్పలేరు.

ఏ వయసులో ఏం అర్థమవుతుంది?

1932లో జాన్ పియాజే పిల్లలకు రెండు కథలు చెప్పాడు. ఒకడు తలుపు తీయబోతే వెనకున్న 15 కప్పులు అనుకోకుండా పగిలాయి. ఇంకొకడు దొంగచాటుగా జామ్ తీసుకుంటూ ఒక కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లలు 15 కప్పులవాడిదన్నారు, తొమ్మిది పదేళ్లవాళ్లు రెండోవాడిదన్నారు. ఉద్దేశం స్పష్టంగా చెబితే ఇంకా చిన్నవాళ్లూ పట్టుకోగలరని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

దీన్నిబట్టి చేయాల్సింది ఇది. రెండు నుంచి నాలుగేళ్ల వరకు ఒక్క వాక్యం, ఒక్క కారణం: 'జుట్టు లాగితే చెల్లికి నొప్పి.' అంతకుమించి చెబితే వాళ్ల చెవికెక్కదు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య 'కావాలని చేశావా, పొరపాటున జరిగిందా' అని రోజూ అడగొచ్చు. మనం కూడా పగిలిన గ్లాసు ఖరీదును బట్టి అరవడం మానాలి. తొమ్మిది నుంచి పన్నెండేళ్లలో న్యాయం మీద పట్టు బాగా పెరుగుతుంది, 'వాడికెందుకు, నాకెందుకు లేదు' అనే పోట్లాటలన్నీ అప్పుడే. వాళ్లతోనే ఇంటి నియమాలు రాయించండి. తాము రాసిన నియమాన్ని తామే కాపలా కాస్తారు. టీనేజ్‌లో 'అందరూ చేస్తున్నారు' అన్నదానికి 'అందరూ బావిలో దూకితే దూకుతావా' అనే మన పాత జవాబు పనిచేయదు. 'అందరూ అంటే ఎంతమంది, పేర్లు చెప్పు' అని నవ్వుతూ అడిగితే సాధారణంగా ఇద్దరు ముగ్గురే తేలతారు.

నీతి వికాసం గురించి లారెన్స్ కోల్‌బర్గ్ చెప్పిన ఆరు దశల పట్టికను బీఈడీలో కంఠస్థం చేయిస్తారు. ఆయన మొదట మగపిల్లలనే పరిశీలించాడనీ, ఆ కొలబద్దలో మనుషుల పట్ల శ్రద్ధకు విలువ తక్కువ పడిందనీ కెరోల్ గిలిగన్ 1982లో చేసిన విమర్శను కూడా అదే పేజీలో చదవాలి.

మా అబ్బాయి అబద్ధాలాడుతున్నాడు. ఏం చేయాలి?

మూడేళ్లకు మొదటి అబద్ధం వస్తే బెంగపడొద్దు. తనకు తెలిసింది అమ్మకు తెలియకపోవచ్చని బిడ్డ మనసు గ్రహించిందని అర్థం.

తర్వాతి అబద్ధాల్లో సగం మనం అడిగే తీరు వల్లే వస్తాయి. గోడ మీద స్కెచ్‌పెన్ గీతలు మీకు కనిపిస్తూనే ఉన్నాయి, అయినా 'ఎవరు గీశారు?' అంటారు. అది ప్రశ్న కాదు, బోను. 'గోడ మీద గీశావు. తడిగుడ్డ తెచ్చుకో, తుడుద్దాం' అంటే అబద్ధానికి అవసరమే ఉండదు.

కథలతో నేర్పాలనుకుంటే ఒక విషయం గమనించండి. 2014లో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ బృందం మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు కథలు చెప్పి, ఆ తర్వాత నిజం చెబుతారా లేదా అని చూసింది. 'నాన్నా పులి' లాంటి కథ, అబద్ధమాడితే ముక్కు పెరిగే బొమ్మ కథ ఏ మార్పూ తేలేదు. చెట్టు నరికిన పిల్లవాడు నిజం ఒప్పుకుంటే తండ్రి మెచ్చుకున్న కథ విన్న పిల్లలు ఎక్కువగా నిజం చెప్పారు. ఆ కథ ముగింపును శిక్షగా మార్చితే ఆ ప్రభావం పోయింది. నిజం చెప్పినవాడికి ఏం జరుగుతుందన్నదే పిల్లలకు కావాలి. మీ ఇంట్లో నిజం చెప్పినందుకు తిట్లు తగ్గుతున్నాయా? తగ్గకపోతే పిల్లవాడి లెక్క సరైనదే.

దుకాణంలోంచో స్నేహితురాలి బ్యాగులోంచో మా అమ్మాయి వస్తువు తెచ్చుకుంది. ఎలా సరిదిద్దాలి?

అయిదేళ్లలోపు అయితే 'ఇది వాళ్లది, ఇచ్చేద్దాం' అని ఇచ్చేయడంతో సరి. అంతకంటే పెద్దదైతే ఇలా చేయండి.

ముందు మీరు చల్లబడండి, పావుగంట ఆగినా పరవాలేదు. విడిగా కూర్చోబెట్టి చూసింది చూసినట్టు చెప్పండి: 'నీ బ్యాగులో సుధా వాళ్ల జామెట్రీ బాక్స్ చూశాను.' 'దొంగ' అని పేరు పెట్టొద్దు. ఎందుకు తీసిందో వినండి. అదే వస్తువు కావాలని, ఎవరో పందెం కాశారని, ఇంట్లో అడిగితే ఇవ్వరని... కారణం బట్టి తర్వాతి పని మారుతుంది. వస్తువును అదే రోజు, కుదరకపోతే మర్నాడు తిరిగి ఇవ్వాలి. కిరాణా దుకాణమైతే మీరే ముందు వెళ్లి యజమానితో ఒక మాట చెప్పి రండి, గిరాకీ లేని మధ్యాహ్నం వేళ అడగండి. అక్కడ బిడ్డ ఒక్క వాక్యం చెబితే చాలు: 'అడక్కుండా తీసుకున్నాను, తిరిగి తెచ్చాను.' తినేసిన చాక్లెట్ అయితే ఖరీదును తన దాచుకున్న డబ్బులోంచి ఇవ్వాలి, మీ పర్సులోంచి కాదు.

చెడేది ఎక్కడంటే, ఆ తర్వాత. దసరాకు చుట్టాలొచ్చినప్పుడు 'ఇది ఏం చేసిందో తెలుసా' అని ఆ కథ మళ్లీ మొదలవుతుంది. తిరిగి ఇచ్చాక లెక్క తీరింది. పదిమంది ముందు తవ్వితే సిగ్గు మిగులుతుంది, ఆ సిగ్గు తర్వాతి తప్పును దాచడం నేర్పుతుంది.

'సారీ చెప్పు' అని పట్టుబట్టొచ్చా?

పట్టుబడితే ఆ మాట గేటు దాటడానికి పాస్‌వర్డ్ అవుతుంది, అంతే. వరస మార్చండి. మొదట దెబ్బ తిన్న పిల్లవాడి దగ్గరికి ఇద్దరూ వెళ్లాలి. అతని ముఖం చూపించి 'ఎలా ఉన్నాడు?' అని అడగండి. తర్వాత 'ఇప్పుడు ఏం చేస్తే కాస్త బాగుంటుంది?' మంచినీళ్లు తేవడం, కూలిన బ్లాకులు మళ్లీ పేర్చడం, చిరిగిన పేజీ అతికించడం, ఇలా ఏదో ఒక పని చేయాలి. క్షమాపణ మాట ఆ పని తర్వాత దానంతటదే వస్తే మంచిది, సాయంత్రానికి వచ్చినా నష్టం లేదు.

మంచి పనికి బహుమతి, చెడ్డ పనికి జరిమానా పెడితే?

రెండూ మనం అనుకున్నట్టు పనిచేయవు. వార్నెకెన్, టొమసెల్లో 2008లో ఇరవై నెలల పిల్లలకు సాయం చేసిన ప్రతిసారీ ఆటవస్తువు ఇచ్చి చూశారు. తర్వాత బహుమతి ఆపేశాక ఆ పిల్లలు మిగతావాళ్లకంటే తక్కువ సాయం చేశారు. ఉత్త మెచ్చుకోలు మాత్రం ఆ నష్టం చేయలేదు.

జరిమానా సంగతి ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో తేలింది. 2000లో గ్నీజీ, రుస్టిచినీ ప్రచురించిన అధ్యయనం ఇది. పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని డేకేర్ కేంద్రాలు జరిమానా పెట్టాయి. ఆలస్యాలు తగ్గలేదు సరికదా దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచర్‌ను కూర్చోబెట్టామే అన్న మొహమాటం ఉండేది, జరిమానా వచ్చాక అది ఫీజుగా మారిపోయింది. జరిమానా ఎత్తేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు.

కాబట్టి పళ్లెం తీసి సింకులో వేసినందుకు, తాతయ్యకు మందులిచ్చినందుకు డబ్బులివ్వొద్దు. పాకెట్ మనీ ఇవ్వాలనుకుంటే పనులతో ముడిపెట్టకుండా ఇవ్వండి. మెచ్చుకునేటప్పుడు 'గుడ్ బాయ్' కంటే 'నువ్వు మంచం దాకా నీళ్లు తెచ్చావు కాబట్టి తాతయ్య లేవాల్సిన పని తప్పింది' అన్నది మేలు. ఎవరికి ఏం మేలు జరిగిందో అందులో కనిపిస్తుంది.

రెండు తగిలిస్తే తప్ప వినరు కదా?

కొడితే ఆ క్షణానికి ఆగుతారు. కొట్టేవాళ్లు లేని చోట ఏం చేస్తారన్నదే ప్రశ్న. పశ్చిమాఫ్రికాలో తల్వార్, లీ రెండు బడులను పోల్చారు. బెత్తం వాడే బడిలో చిన్నపిల్లలు ఎక్కువగా అబద్ధమాడారు, దాన్ని నమ్మించేలా ఆడారు కూడా. చట్టం సంగతికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడ కుర్చీ, ఎండలో నిలబెట్టడం, ఫీజు కట్టలేదని క్లాసులో పేరు చదవడం కూడా ఈ కోవలోకే వస్తాయి. ఫిర్యాదుకు చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098.

శతకాలు, పంచతంత్రం చెప్పిస్తే సరిపోదా?

చెప్పించండి. పద్యం నోటికి వస్తే జీవితాంతం ఉంటుంది, ఎప్పుడో ఒక చోట అర్థం వెలుగుతుంది. అయితే వాటిలో ఏముందో మీరు ముందే చదవండి. పంచతంత్రం రాకుమారులకు లోకజ్ఞానం నేర్పడానికి చెప్పిన కథలు. జిత్తులమారి గెలిచే కథలు అందులో బోలెడు. 'నక్క చేసింది తెలివైన పనా, న్యాయమైన పనా?' అని అడిగి వదిలేస్తే అదే మంచి పాఠం. సుమతీ శతకంలో అపకారికి ఉపకారం చేయమనే పద్యం ఎంత గొప్పదో, ఆడవాళ్లను నమ్మొద్దనే ధోరణి పద్యాలు అంత ఇబ్బందికరం. వాటిని దాచేయకుండా, పదేళ్లు దాటిన పిల్లలైతే 'ఇది ఇప్పుడు ఒప్పుకుందామా' అని చర్చకు పెట్టొచ్చు. వేమన అయితే ప్రశ్నించడమే నేర్పుతాడు, ఆయనతో మొదలుపెట్టడం తేలిక.

బడిలో వారానికి ఒక్క మోరల్ సైన్స్ పీరియడ్ ఉంది. దాన్ని ఎలా వాడాలి?

ముందు ఆ పీరియడ్‌ను లెక్కల సార్ తీసుకోకుండా కాపాడుకోవాలి. నవంబరు దాటాక పదో తరగతిలో అది దాదాపు అసాధ్యం కాబట్టి ఏడు, ఎనిమిది తరగతుల మీద శ్రద్ధ పెట్టండి.

40 మంది, 40 నిమిషాలు అనుకుందాం. ఒక చిక్కు కథ తీసుకోండి. రేపు పొద్దున లెక్కల యూనిట్ టెస్ట్, రాత్రి తొమ్మిదింటికి క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ప్రశ్నపత్రం ఫొటో పెట్టారు. నీ ప్రాణ స్నేహితుడు అప్పటికే చూసేశాడు. టీచర్‌కు చెబితే గ్రూపంతా నిన్ను వెలివేస్తుంది, చెప్పకపోతే ఫోన్ లేని పిల్లలు నష్టపోతారు. ఏం చేస్తావు? ఎందుకు?

కథ చదవడానికి 5 నిమిషాలు. తర్వాత 5 నిమిషాలు ఎవరికి వారు జవాబు, కారణం చీటీ మీద రాయాలి, పేరు అక్కర్లేదు. అయిదుగురి చొప్పున ఎనిమిది గుంపులుగా 12 నిమిషాల చర్చ. క్లాసంతా కలిసి 13 నిమిషాలు. చివరి 5 నిమిషాల్లో అదే చీటీ వెనక మళ్లీ రాయాలి. రెండు వైపులా పోల్చి చూస్తే జవాబు మారినవాళ్లకంటే కారణం మారినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మనకు కావాల్సిందీ అదే.

పాడయ్యే చోట్లు కొన్ని ఉన్నాయి. చీటీ రాయకముందే ఫస్ట్ ర్యాంకర్ చేయెత్తి చెప్పేస్తే మిగతావాళ్లు దాన్నే రాస్తారు. టీచర్ కనుబొమ్మ ఎగరేసినా చాలు, సరైన జవాబేదో తెలిసిపోతుంది. ఒక్కటే సరైన దారి ఉన్న కథ ఎంచుకుంటే చర్చ రెండు నిమిషాల్లో చచ్చిపోతుంది. క్లాసులో నిజంగా జరిగిన గొడవను కథగా తీసుకుంటే అది విచారణ అవుతుంది, చర్చ కాదు. మొదటి నెల ఊహాకథలే వాడండి. 'నీ చోట ఫోన్ లేని అమ్మాయి ఉంటే ఏమనేది?' లాంటి ప్రశ్న ఒకటి జేబులో ఉంచుకుంటే మూగపోయిన గుంపు కదులుతుంది.

ప్రభుత్వ బడిలో మతబోధ చేయొచ్చా?

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది. మతాల గురించి, వాటిలోని విలువల గురించి తెలియజెప్పడం వేరు, ఫలానా మతాన్ని పాటించమని బోధించడం వేరని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బక్రీద్, బోనాలు, క్రిస్మస్ ఎందుకు జరుపుకుంటారో చెప్పొచ్చు, చేయించకూడదు. అన్ని మతాలకూ చెందిన ఉమ్మడి ఆధారం కావాలంటే 51ఎ అధికరణలోని ప్రాథమిక విధులున్నాయి. 1976లో చేర్చారు.

విలువలకు మార్కులు వేయాలా?

వేస్తే పిల్లలు మార్కుల కోసం నటిస్తారు. మూడు చోట్ల గమనించడం చాలు: దొరికిన వస్తువుల పెట్టెలోకి ఏం చేరుతోంది, పేపరు తామే దిద్దుకునేటప్పుడు ఏం చేస్తున్నారు, నీళ్ల కుళాయి దగ్గర చిన్న తరగతి పిల్లలకు చోటిస్తున్నారా.

ఇంజనీరింగ్‌కు వచ్చాక విలువల కోర్సు పెడితే ఏం లాభం? మొక్కై వంగనిది మానై వంగుతుందా?

సామెత అంత నిజం కాదు. గచ్చిబౌలిలోని ఐఐఐటీ 2005 నుంచి మానవ విలువల కోర్సు నడుపుతోంది, తర్వాత సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ కూడా మొదటి ఏడాది ఇండక్షన్‌లో ఈ అంశాన్ని చేర్చింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ జెండర్ మీద తెలుగు, ఇంగ్లిష్‌లో ఉన్న పాఠ్యపుస్తకంతో కోర్సు పెట్టింది. ఇవి చర్చగా నడిచిన చోట బాగున్నాయి, హాజరు కోసం పీపీటీ చూపించిన చోట వృథా.

పెద్దల విషయంలో ఉపదేశం కంటే పరిస్థితి ఎక్కువ పనిచేస్తుంది. ప్రిన్స్‌టన్‌లో 1973లో డార్లీ, బాట్సన్ మతవిద్య చదివే విద్యార్థులను ప్రసంగానికి పంపారు, దారిలో ఒకాయన మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం ఆగారు, బాగా తొందరలో ఉన్నవాళ్లలో 10 శాతమే. కొందరు మాట్లాడబోయేది దారిలో పడిఉన్నవాడికి సాయం చేసిన బైబిల్ కథ గురించే! బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఉదయం తొమ్మిదింటికి బండి జారి పడ్డవాణ్ని తప్పించుకుని వెళ్లిపోయేవాళ్లంతా చెడ్డవాళ్లు కారు, లాగిన్ టైం దగ్గరపడినవాళ్లు. పావుగంట ముందు బయల్దేరడం కూడా నైతిక అలవాటే.

పోలీసు కేసు భయం ఉంటే, మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకు సివిల్, క్రిమినల్ బాధ్యతల నుంచి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. 108కి ఫోన్ చేసి, జంక్షన్ పేరు, ఫ్లైఓవర్ పైనా కిందా అన్నది, మెట్రో పిల్లర్ నంబరు చెప్పండి.

ఇవేవీ పనిచేయడం లేదు. ఎప్పుడు డాక్టర్‌కు చూపించాలి?

జంతువులను కావాలని హింసించడం, నిప్పు పెట్టడం, ఆయుధంతో బెదిరించడం, పదే పదే దొంగతనం, రాత్రుళ్లు ఇల్లు వదిలి వెళ్లడం లాంటివాటిలో కొన్ని కలిసి నెలల తరబడి సాగుతుంటే అది పెంపకానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అకస్మాత్తుగా మారిన పిల్లల విషయంలో బడిలో ర్యాగింగ్, ఇంట్లో హింస, లైంగిక వేధింపు ఉన్నాయేమో ముందు చూడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఔట్‌పేషెంట్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఏ రోజు ఏం జరిగింది, అంతకుముందు ఏం జరిగింది అని రెండు వారాలు రాసిన కాగితం తీసుకెళ్లండి. 'వీడు మాట వినడు' అన్న ఒక్క వాక్యంతో డాక్టర్ ఏమీ చేయలేరు.